తోక కింది ఎరుపు

ఇది ఒక విదేశీ శత్రువు బారి నుంచి మా మామిడితోటను కాపాడుకున్న వీరగాథ. అలా రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే ఇందులో ఉన్నది ఒక పిట్ట, ఒక ఫోను, మా నాయన. శత్రువెవరూ రాలేదు. ఎవరూ ఎవరినీ కాపాడలేదు.

బంగారుపాళ్యం దగ్గర మాకు నలభై మామిడిచెట్లున్నాయి. నేనుండేది తిరుపతిలో. పూత కాలంలో ఆదివారాలు తోటకు వెళ్తాను, పని చేస్తున్నట్టు కనబడడానికి. ముందటేడు పూత సగానికి పైగా రాలిపోయింది. అందుకని పోయినేడు నాయన పొద్దునా సాయంత్రం చెట్టుచెట్టునూ పలకరించి వచ్చేవాడు.

ఒక ఆదివారం పూతలోంచి ఒక పిట్ట లేచిపోయింది.

"అదేం పిట్టరా? వారం నుంచీ పూతలోనే ఉండాది," అన్నాడు నాయన.

తెలియదంటే సరిపోయేది. కానీ చదువుకున్నవాణ్ణి కదా. అది ఎగిరిపోతుండగా నాకు కనబడ్డవి మూడు గుర్తులు. నల్లటి తల, తోక మొదట్లో తెలుపు, ఎక్కడో ఎరుపు. అవే ఫోన్లో కొట్టాను. బుల్‌ఫించ్ అని వచ్చింది. చలిదేశాల అడవుల్లో, పెరళ్లలో తిరిగే పిట్టట. పొట్టి ముక్కు, లావు ముక్కు. పండ్లచెట్ల మొగ్గలంటే మహా ఇష్టమట.

ఆ చివరి మాట పైకి చదవకుండా ఉండాల్సింది.

"మొగ్గలు తింటాదా?" నాయన భుజం మీది టవలు చేతిలోకి వచ్చింది. "నిరుడు పూత పోయింది దీనివల్లేనా? నేను ఊరికే మంచును తిట్టుకుంటా ఉండానే!"

"అట్లాంటివి హిమాలయాల్లో ఉంటాయంట గానీ, ఈ పక్క ఉండవంట నాయనా."

"ఉండకపోతే మనమెట్ల చూసినాం? హైవే పడినాక ఏదైనా వస్తాది."

వెంటనే బండేసుకుని చిత్తూరు వెళ్లి, పిట్టల్ని బెదరగొట్టే మెరుపు టేపు పెద్ద చుట్టొకటి, ఇన్ని టపాకాయలు తెచ్చాడు. నాకు నిచ్చెన ఇచ్చాడు.

నాలుగో చెట్టుకు టేపు కడుతుండగా అమ్మ అన్నం తెచ్చింది. సంగతంతా విని, ఫోన్ తీసుకుని బొమ్మ చూసింది.

"దీనికి రొమ్మంతా ఎరుపుండాది గదరా. మన పిట్టకు ఎరుపు యాడుండాది?"

"కింద."

"కింద అంటే?"

"తోక కింద."

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "అది పిగిలిపిట్టరా. మన బాయికాడ గూడు పెట్టలా? పిట్టను ఎనకనించి చూసి పేరు పెట్టినావు."

"సదువు గూడా అట్లే సదివినట్టుండాడు," అన్నాడు నాయన.

పిగిలిపిట్ట అనే మాట నాకు తెలుసు. ఆ పిట్టా తెలుసు. ఆ రెంటినీ ఎవరూ పరిచయం చేయలేదు, అంతే.

నాయనకు మాత్రం ఇంకా మనసు కుదుటపడలేదు. "పేరేదైనా గానీ, అది పూత తింటాదా, తినదా?"

తేల్చుకుందామని ముగ్గురం ఆ చెట్టు కిందే అన్నం తింటూ కూర్చున్నాం. కాసేపటికి పిట్ట వచ్చింది. ఈసారి ముందునుంచి చూశాను. నిద్రలేచి తల దువ్వుకోనట్టు చిన్న జుట్టు. పొలుసుల్లాంటి గోధుమరంగు రొమ్ము. మొగ్గలు చిదమడానికి ఏ మాత్రం పనికిరాని సన్నటి ముక్కు. వెనకే జంటపిట్ట దిగింది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. బుల్‌ఫించుల్లో అయితే ఆ ఎర్ర రొమ్ము మగదానికేనట. ఒకటి పూతలో దూరి, పచ్చపురుగుతో బయటికొచ్చింది.

నాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "పురుగు! పురుగును తినింది సూడు!"

తర్వాత రెండు పూలు కూడా కొరికింది. అది నేను చూశాను, చెప్పలేదు.

"ఉండనీరా," అన్నాడు నాయన, ముద్ద నోట్లో పెట్టుకుని. "ఈడికంటే పని చేస్తా ఉండాది."

కట్టిన టేపంతా విప్పాను. టపాకాయలు అమ్మ దాచిపెట్టింది. పోయినేడు కాయ బాగానే నిలిచింది. అది పిట్టల చలవ అంటాడు నాయన. మంచు తక్కువ పడిందంతే అంటాడు పక్కతోట ఆయన.

టేపును నాయన మోటరు పైపు కారేచోట చుట్టాడు. ఆ టేపుకు జిగురుండదు. పైపు ఇప్పటికీ కారుతోంది.