కామాక్షికి ఎవరూ మైల పట్టలేదు

ఎవరికీ చెప్పని మాట ఒకటి మోస్తున్నాను. ఎంతకాలంగా మోస్తున్నానంటే, అది లేకుండా నడవడం ఎట్లాగో మరచిపోయాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అదే మేలు. నన్ను ఓదార్చాలని మాత్రం చూడకండి. ఓదార్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

నేనొక మనిషిని చంపాను. కాగితం మీది మనిషిని. నవ్వొస్తే నవ్వుకోండి. అది కాగితం దగ్గర ఆగి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మా నాయన పలకల కార్ఖానాలో గుమాస్తా. రాతిని పలచగా చీల్చి, కోసి, ఇసుకా నీళ్ళూ వేసి నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక అవుతుంది. రుద్దే పని ఆడవాళ్ళది. వాళ్ళలో ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. నేను థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివాను. అంతకే నా కళ్ళు నెత్తికెక్కి కూర్చున్నాయి.

వారపత్రిక రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి బస్సులో ఊళ్ళోకి చేరేది. మధ్యాహ్నం నాయనకు అన్నం తీసుకుని కార్ఖానాకు వెళ్ళినప్పుడు, రేకుల షెడ్డులో ఆ ఆడవాళ్ళు సద్ది తింటుంటే సీరియల్ చదివి వినిపించేదాన్ని. దయ అనుకునేరు. కాదు. నోరు తెరుచుకుని నా మొహంలోకి అట్లా చూసే మనుషులు నాకు ఇంకెక్కడ దొరుకుతారు?

వాళ్ళు వినే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. కథలో మనిషి ఎండన పోతుంటే గొడుగు ఇయ్యలేదేమని పెండ్లాన్ని తిట్టేవాళ్ళు. కథలో ఎవరైనా చనిపోతే, తింటున్న సద్ది అట్లాగే వదిలి లేచి, తొట్టి దగ్గరికి పోయి తల మీద నీళ్ళు గుమ్మరించుకునేవాళ్ళు. మైలట. ఎవడో పట్నంలో కూర్చుని కల్పించిన ముసలమ్మ పోతే వీళ్ళకు మైల. తడిచీరలతోనే మళ్ళీ పనికి కూర్చునేవాళ్ళు. చర్చికి పోయే మరియమ్మకు మన మైలలు లేవు గదా, ఆమే అందరికంటే ముందు లేచేది. నేను పత్రిక అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని.

ఆ సీరియల్ పేరు చెప్పను. అంత గొప్పదేమీ కాదు. రాఘవ అని ఒకడు, పెళ్ళాం శారదను ఇంట్లో వదిలి రంగూను పోతాడు. కబురుండదు. శారద ఎదురుచూస్తూ ఉంటుంది, వారం వారం, పత్రికవాళ్ళు ఎంతకాలం చూడమంటే అంతకాలం. రాఘవకు ఒక అక్క, కామాక్షి. చదువుకున్న విధవ. నోటి దురుసు. ఎవరి మొహం మీదైనా నిజం అనేసే మనిషి. పత్రిక చేతికి రాగానే ముందు కామాక్షి ఎక్కడ మాట్లాడిందో వెతుక్కునేదాన్ని. ఆమె అన్న మాటలు పొయ్యి దగ్గర నాలో నేను అనుకునేదాన్ని. ఆమె నేనే అనుకున్నానేమో. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కామాక్షిని రచయిత ఒక జ్వరంతో తీసేశాడు. నాలుగు ముక్కల్లో. ఆ కింది పేరాలోనే ఎవరింట్లోనో పెళ్ళి భోజనాలు. అంత తీసిపారేసిన చావు ఎవరైనా రాస్తారా? చదవడం ఆపి, తలెత్తి చూశాను. ఒక్కరూ లేవలేదు.

"పీడ విరగడైంది," అంది వాళ్ళలో ఒకామె, నాగక్క, పక్కామెను పచ్చడి అడుగుతూ. అందరూ నవ్వారు.

ముసలమ్మకు లేచినవాళ్ళు, కథలో బండి ఎద్దు చస్తే కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నవాళ్ళు, కామాక్షికి మైల పట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి నేను తలస్నానం చేశాను. ఈ వేళప్పుడు స్నానమేందే అని మా అమ్మ అడిగితే, మురికిగా ఉందన్నాను. నీళ్ళ చాటున ఏడ్చాను. వాళ్ళను చూసి నవ్విన నేనే. ఏమనుకుంటారో అనుకోండి.

మరుసటి వారం ఆఖరి భాగం. నేను ఇంట్లోనే చదివేసి వెళ్ళాను. షెడ్డు బయట రాతి పలకల కుప్ప దగ్గర నాగక్క నాకోసం నిలబడి ఉంది. ఆమె మొగుడు సాగర్ డ్యాం పనికి పోయాడు. పోయినవాడు పోయినట్టే, మనిషీ లేడు, కబురూ లేదు. మిగతావాళ్ళు ఇంకా పని దగ్గరే ఉన్నారు.

"పాపా, రాఘవయ్య వస్తాడా?"

"నీకెందుకు?"

"మా అన్న పుల్లలచెరువులో సంబంధం చూసినాడు. గొర్లున్నాయంట. మారుమనువు పోమంటాండాడు. రేపు మాటియ్యాల."

"దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"మనసులో అనుకున్న్యా. రాఘవయ్య వస్తే మావోడూ వస్తాడు, ఎట్లనో ఉంటా. రాకపోతే మా అన్న చెప్పినట్ల పోతా."

"కథ చూసుకుని మనువు పోతావా నాగక్కా? బుద్ధుందా నీకు?"

ఆమెకు కోపం రాలేదు. నా చేతిలోని పత్రిక వైపు చూసింది.

"మరి ఏం చూసుకుని పోవాల? నువ్వే చెప్పు. నాకు ఇంకేం ఉండాది చూసుకోను?"

కాబట్టి నాకు తెలియదనడానికి లేదు. అంతా తెలిసే చేశాను.

షెడ్డులో కూర్చుని చదివాను. రాఘవ తిరుగు ఓడ ఎక్కేదాకా ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ తర్వాత కళ్ళు కాగితం మీదే పెట్టి, లేనిది చెప్పాను. ఓడ మునిగిందని. అందరితో పాటు రాఘవ పోయాడని. ఎంత చక్కగా చెప్పాననుకున్నారు? ఆ రచయిత కామాక్షికి ఇయ్యనంత చావు రాఘవకు ఇచ్చాను. గాలి, చీకటి, పెళ్ళాం పేరు పిలవడం, అన్నీ. మీకూ ఒకరు పోతే తెలుస్తుందిలే అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

చదవడం అయ్యాక వాళ్ళు ఎప్పుడూ బొమ్మ చూపించమంటారు. ఆ వారం బొమ్మలో రాఘవ వాకిట్లో నిలబడి ఉన్నాడు. పేజీ మడిచేశాను.

"ఈ వారం బొమ్మ వెయ్యలేదు," అన్నాను.

నాగక్క లేచింది. తొట్టి దగ్గరికి పోయి, చెంబుతో తల మీద నీళ్ళు పోసుకుంది. ఒకసారి కాదు, పోసుకుంటూనే ఉంది. మిగతావాళ్ళు వరసలో వెనక నిలబడ్డారు. అప్పుడే అనాల్సింది, ఉత్తిదే నాగక్కా అని. నోట్లోనే ఉంది మాట. కానీ ఆ వరసను చూస్తుంటే నాకు కడుపు చల్లబడింది. అవును, చల్లబడింది. దీన్నెట్లా కడగను?

మరుసటి వారం ఆమె పనికి రాలేదు. పుల్లలచెరువు పోయిందన్నారు. అడవి అంచు ఊరు, బిందె నీళ్ళకు పొద్దంతా నడవాలి. ఇంత తెలివితక్కువదానికి ఎక్కడైతేనేం అనుకున్నాను. ఆ మాట చాలా రోజులు నన్ను కాపాడింది.

ఎండాకాలంలో అతను వచ్చాడు. కాలు ఈడుస్తూ, చేతిలో సంచితో. డ్యాం దగ్గర కాలు విరిగి పడి ఉన్నాడట. ఉత్తరం ముక్క రాయించాలన్న ఆలోచన కూడా రాని మనిషి. షెడ్డు ముందు నిలబడి, నాగమ్మ ఎందుకు పోయింది, ఉంటానన్నది గదా అని అడిగాడు. అందరూ తలలు వంచుకున్నారు. చివరికి మరియమ్మే అంది.

"రాఘవయ్య సచ్చిపోయినాడు నాయనా. అందుకని పోయింది."

"ఏ రాఘవయ్య?"

ఎవరూ నవ్వలేదు. అతను చదువుకున్నదాన్నని నా వైపు తిరిగాడు. నాకు తెలియదన్నాను. చేతిలో క్యారియర్ పట్టుకుని, ఆ మనిషి కళ్ళల్లోకి చూస్తూ అన్నాను. అతను సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఊళ్ళో ఎవరికీ కనపడలేదు.

ఆ తర్వాత ఎప్పుడో, నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక, శ్రీశైలం పోతూ పెద్దదోర్నాలలో బస్సు కోసం హోటల్ ముందు కూర్చుని ఉన్నాను. నాగక్క కనిపించింది. ఎండిపోయింది. చంకలో ఒక పిల్ల, వెనకాల ఒక పిల్ల. నన్ను పాపా అనే పిలిచింది. మొగుడు ఎట్లాంటివాడని అడగాలనుకుని అడగలేదు. ఆమే అడిగింది.

"ఆ శారదమ్మ ఏమైంది పాపా తర్వాత? ఆ పొద్దు నువ్వు చదవలేదు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేను ఏం చెప్పానో తెలుసా? శారద మళ్ళీ పెళ్ళి చేసుకుందని, సుఖంగా ఉందని చెప్పాను. మంచిదాన్ననిపించుకోవాలని. బస్సు వచ్చింది. చంకలో పిల్లను సర్దుకుంటూ నాగక్క అంది.

"రాసినాయన అబద్ధం రాసినాడు."

పోయినేడు నాగక్క పోయిందని తెలిసింది. నేను తలస్నానం చేశాను. ఎవరు పోయారత్తా, మనకేమవుతారు అని మా కోడలు అడిగింది. ఏమని చెప్పను? సీరియళ్ళు చూసి ఏడ్చేవాళ్ళను ఈ రోజుకీ వెక్కిరిస్తూనే ఉన్నాను. ఆ బుద్ధి నాకు పోలేదు, పోదు. క్షమించమని అడగడానికి అవతల మనిషీ లేదు. మీరు క్షమిస్తే అది నాకు చెల్లదు.

రాసినాయన అబద్ధం రాయలేదు నాగక్కా. ఆఖరి పేజీలో శారద పొద్దున్నే వాకిలి చల్లుతుంటే రాఘవ వచ్చాడు. చేతిలో సంచి ఉంది. శారద చేతిలో చెంబు జారిపోయింది. "ఆలస్యమైంది" అన్నాడు రాఘవ. "రండి" అంది శారద. అంతే. బొమ్మ కూడా వేశారు.

ఆ మధ్యాహ్నం నేను చదవాల్సింది ఇది. ఇప్పుడు చదివాను.