పై ఇంటి ముందర పెయింటు ముగ్గు

"ఏం మే, నా ఇంటి మురికినీళ్లు సూడకపోతే నీకు కూడు దిగదా?"

పై ఇంటి అక్క నడివీధిలో నిలబడి, అంతమంది కూలీల ముందర నన్ను అడిగిన మాట ఇది.

"నీ మురికి నాకేంటికక్కా? నా వాకిలి ముందర కాలవ నేను తోసుకోవల్ల. బండ పరిచి సిమెంటు మెత్తేస్తే యాడ తోసేది? ఒక్క బండ ఊడొచ్చేట్టు పెట్టమంటా ఉండా, అంతే."

"తోసేదానికా, తొంగి సూసేదానికా? మొన్న మా ఇంట్లో పులుసని నీ కోడలికి ఎవురు సెప్పినారు? నేను సెప్పినానా?"

"కాలవలో సింతపండు పిప్పి కొట్టకొనొచ్చె. కండ్లుండాయి, సూస్తిని."

కూలీలు నవ్వారు. ఆ నవ్వు అక్కకు తగిలింది. మేస్త్రీ తాపీ పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అవ్వలిద్దరూ తేల్చుకునే లోపల తన సిమెంటు గట్టిపడుతుందని గొణిగాడు.

"మూసెయ్యప్పా" అంది అక్క. "వీధంతా మూసి, ఈమె ఇంటికాడ మాత్రం ఏంటికి తెరిసి పెట్టేది?"

అతను మూసేశాడు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు.

నేను సిమెంటు రోడ్డు వద్దన్న మనిషిని కాను. మా ఊరు పుత్తూరికి దగ్గర. మా వీధి ఏటవాలు. వాన పడితే పైనుంచి ఎర్రమట్టి అంతా దిగి, కాలవ పొంగి, ఏది దారో ఏది కాలవో తెలిసేది కాదు. మా ఇంటాయనకు జబ్బు చేసిన ఏడాది ఆటో లోపలికి రాలేక, మంచం మీద పెట్టి పెద్దరోడ్డు దాకా మోసుకుపోయారు. అందుకే తవ్వే మిషను వచ్చిన రోజు కూలీలందరికీ మా ఇంట్లోనే తాగడానికి ఇచ్చాను. మజ్జిగ కాదు, నీళ్లే. కానీ చల్లని కుండ నీళ్లు.

అయితే ఆ పాత కాలవకు ఒక గుణం ఉండేది. వీధికి అన్నిటికంటే పైన ఉండేది అక్క ఇల్లు. దాని కింద తాళం వేసిన ఇల్లు. వాళ్లు తిరుపతిలో స్థిరపడి చాలా కాలమైంది. దాని కింద మాది. కాబట్టి మా వాకిలి ముందుకు వచ్చే నీళ్లు అక్కవి తప్ప ఇంకెవరివీ కావు. ఆమె ఒంటరిది. భర్త పోయాడు, ఒక్క కూతురిని ఐరాలకు ఇచ్చింది. పొద్దున నేను కాలవ తోస్తుంటే ముందు మొహం కడిగిన నీళ్లు వచ్చేవి. తరువాత బియ్యం కడిగిన తెల్లనీళ్లు. శుక్రవారమైతే పసుపునీళ్లు, శీకాయ నురగ. ఆ తెల్లనీళ్లు వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించేదాన్ని కాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రోడ్డు పూర్తయ్యాక మా గడపలన్నీ రోడ్డు కంటే కిందికి పోయాయి. వీధి చివర నిలబడి చూస్తే ఇళ్లన్నీ భూమిలోకి ఒక జానెడు దిగబడినట్టు ఉండేవి. సిమెంటు మీద పేడనీళ్లు నిలవలేదు. పొద్దున చల్లిన సానిపి ఎండెక్కే లోపల పెచ్చులుగా లేచి, గాలికి ఇళ్లలోకే వచ్చేది. ఆడవాళ్లు విసిగిపోయారు. అప్పుడు గోడలకు రంగులు వేసే మనిషి ఒకడు, ముగ్గు కత్తిరించిన రేకు ఒకటి పట్టుకుని వచ్చాడు. రేకు నేల మీద పెట్టి తెల్ల పెయింటు పూస్తే తామరపువ్వు వచ్చేది. ఒకరిని చూసి ఒకరు, వీధంతా వేయించుకున్నారు. ఇంటింటికీ అదే పువ్వు, అవే రెక్కలు. వీధి ఒకటిగా ఉండాలని తాళం వేసిన ఇంటికి కూడా వేయించారు.

అక్క కూడా వేయించుకుంది. మోకాళ్లు వంగడం లేదని, మీ అత్తనూ వేయించుకోమని నా కోడలితో చెప్పి పంపింది. ఊరికే పెయింటుకు డబ్బు తగలెయ్యడానికి నాకు చేతులు రావని తిరిగి చెప్పించాను. ముగ్గంటే ఆ పొద్దు లేచిన మనిషి ఆ పొద్దు వేసేది. చెరగని ముగ్గు నాకు నచ్చలేదు.

అంతకుముందు వీధిలో అందరికంటే ముందు లేచేది నేనే. వాకిళ్లన్నీ బోసిగా ఉండేవి. ఇప్పుడు మసకలో తలుపు తీస్తే తలుపులన్నీ మూసి ఉంటాయి, ముగ్గులు మాత్రం వేసి ఉంటాయి. ఎవరో మా అందరికంటే ముందు లేచి, ఒకే చేత్తో, అడుగు చప్పుడు లేకుండా తలుపు తలుపుకూ ముగ్గు వేసి పోయినట్టు. పక్కనున్న తాళం వేసిన ఇంటికి కూడా. ఆ ముగ్గుల నడుమ నేను ఒక్కదాన్ని వంగి పిండి గీతలు గీస్తుంటే, చెయ్యరాని పని చేస్తున్నదానిలా అటూ ఇటూ చూసుకునేదాన్ని.

కాలవ బండల కింద నీళ్ల చప్పుడు కూడా మారిపోయింది. పైకి కనపడేటప్పుడు దానికి చప్పుడే ఉండేది కాదు. మూసిన తరువాత, నోటి నిండా నీళ్లు పెట్టుకుని ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడేది. వీధి కుక్కలు వచ్చి బండ మీద చెవి ఆనించి కొంచెంసేపు నిలబడి, తోక ముడుచుకుని పోయేవి. నేను మాత్రం ఆ చప్పుడు వింటే చాలనుకునేదాన్ని. మాటల్లేకపోయినా అక్క ఉందని తెలిసేది.

ఎండాకాలం రాగానే కొళాయి నీళ్లు సాయంత్రానికి మార్చారు. దీపాలు పెట్టే వేళకు వచ్చేవి. ఐరాలకు పోయి కూతురి దగ్గర కొన్నాళ్లు ఉంటానని అక్క నలుగురితో అన్నదట. ఒక సాయంత్రం కోడలు వచ్చి, పై ఇంటి అత్త ఊరికి పోయినట్టుంది, కనపడలేదు అంది.

"యాడికీ పోలా" అన్నాను. "నీళ్లు పోతా ఉండాయి, ఇనపడలా నీకు?"

ఇద్దరం పైకి చూశాం. వాకిలి శుభ్రంగా ఉంది. ముగ్గు తెల్లగా ఉంది. కోడలు సరేనని లోపలికి పోయింది.

మరునాడు కూడా అదే వేళకు బండ కింద నీళ్లు కదిలాయి. వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వింటూ వింటూ నా చేతులు ఆగిపోయాయి. ఆ నీళ్లకు నిలకడ లేదు. నీళ్లు వాడే మనిషి ఉంటే అవి ఆగి ఆగి వస్తాయి. చెంబు ముంచాలి, పొయ్యాలి, గిన్నె పక్కన పెట్టాలి, కొంగు తుడుచుకోవాలి. ఇవి కొళాయి వచ్చిన క్షణాన మొదలై, ఒక్క తీరుగా పోయి, కొళాయి ఆగిన క్షణాన కత్తితో కోసినట్టు ఆగిపోయాయి. బండ మీద చెయ్యి పెట్టి చూశాను. అంత ఎండ కాగిన రోజున అది చల్లగా ఉంది. ఐరాల పోతూ కొళాయి కట్టడం మరిచిందేమో అనుకున్నాను. కానీ ఒక్క చుక్క ఊరికే పోనిచ్చే మనిషి కాదు. ఆ విషయంలో నాకంటే గట్టిది.

ఆ మరుసటి సాయంత్రం నీళ్లు మొదలు కాగానే కొడుకును పిలిచి గడ్డపార తెమ్మన్నాను.

"అమ్మా, కొత్త బండ. రోడ్డు పని సూడను ఇంజినీరు సారు రావల్ల ఇంకా. పగలగొడితే మేస్త్రీ మనమీదకొస్తాడు."

"రానీ. ఎత్తు."

సిమెంటు పగిలి బండ ఒక పక్కకు లేచింది. కోడలు లైటు పట్టింది. కింద నీళ్లు పరుగెత్తుతున్నాయి. తేటగా, అడుగున సిమెంటు గరుకు కనపడేంత తేటగా ఉన్నాయి. తెలుపు లేదు, నురగ లేదు, ఒక కరివేపాకు రెబ్బ కూడా లేదు. చెయ్యి ముంచి వాసన చూశాను. ఏ వాసనా లేదు.

"ఇవి ఎవురూ ముట్టుకోని నీళ్లురా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నేను పైకి నడిచాను. తాళం వేసిన ఇంటి ముగ్గు దాటాను. అక్క ముగ్గు తొక్కకుండా పక్కగా నిలబడి తలుపు కొట్టాను. లోపల గడియ పెట్టి ఉంది.

"అక్కా" అన్నాను. పోట్లాడిన తరువాత ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది. లోపలినుంచి నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. వాకిట్లో నిలబడి ఉండగానే ఊరికి కొళాయి ఆపారు. ఆ చప్పుడూ ఆగిపోయింది. కొడుకును కేకేశాను.

కొడుకూ ఎదురింటి మనిషీ కలిసి తలుపు తోసి విరగ్గొట్టారు. పెరట్లో గిన్నెలు తోముకునే చోట, కొళాయి కింద ఒక పక్కకు పడి ఉంది అక్క. కొళాయి తిప్పినట్టే ఉంది. కడగడానికి తెచ్చుకున్న బియ్యం గిన్నెలో ఉబ్బి, పైకి పొంగి ఉన్నాయి. పోయి రోజులైందని చూసిన వెంటనే తెలిసింది.

మరునాడు పొద్దున ఐరాల నుంచి కూతురు వచ్చింది. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదు. శవం లేచేదాకా మా వీధిలో ఏ ఇంటి ముందూ వెయ్యం. ఆ పొద్దు ముగ్గు లేని వాకిలి మాది ఒక్కటే. కూతురు ఏడుపు ఆపి, అమ్మ వాకిట్లో ఆ పువ్వును చూస్తూ నిలబడిపోయింది. ఎవరో కిరసనాయిలు పోశారు. కొబ్బరిపీచుతో రుద్దారు. కొడవలితో గీకారు. మీద ఉన్న దుమ్ము పోయి పువ్వు ఇంకా బాగా కనపడింది. ముగ్గు మీద పాడె ఎట్లా దించేదని పెద్దవాళ్లు గొణుక్కున్నారు. నేను ఇంటికి పోయి పేడ బక్కెట తెచ్చి, రెండు చేతులతో మందంగా మెత్తాను. దాని మీద పాడె దించారు. అక్కను పడుకోబెట్టి, ఎత్తుకుని, కింది ఇళ్ల ముగ్గులన్నిటి మీదుగా నడుచుకుంటూ పోయారు.

వాళ్లు మలుపు తిరిగిన తరువాత ఆడవాళ్లం వాకిలి కడిగాం. పేడంతా కొట్టుకుపోయి, మా ఇంటి ముందర బండ పగిలిన చోట కాలవలో పచ్చగా కనపడింది. పై ఇంటి ముందర ముగ్గు తెల్లగా ఉంది.