తొడల మిషనూ, మా అత్తా

ఆ రోజుల్లో ఒళ్లు తగ్గించుకోవడం అనే పని ఒకటుందని మా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఎవరికీ తెలియదు. ఒళ్లుంటే దేవుడిచ్చినట్టు, లేకుంటే జ్వరమొచ్చి పోయినట్టు. అంతకుమించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. నాకు మాత్రం ఉండేది. కొత్తగా ఉద్యోగమొచ్చి, రోజూ ఆదోని బడికి బస్సులో పోయి వచ్చే టీచరమ్మను మరి. ఒకనాడు కండక్టరు నా పక్కన ఇంకో మనిషిని కూర్చోబెడుతూ, "రోంత జరుగు టీచరమ్మా, ఇది ముగ్గురి సీటు" అన్నాడు. (ఆ సీట్లో అప్పటికే ఇద్దరు మనుషులూ ఒక మిరపకాయల మూటా ఉన్నాం. తప్పు మూటదని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.) ఆ పూట నుంచి నా తొడలు లావని నాకు రూఢి అయిపోయింది.

బడి వదిలాక ఆదోనిలోనే ఒక పత్తి వ్యాపారి కోడలికి తెలుగు నేర్పేదాన్ని. బొంబాయి పిల్ల, మేమంతా సేటమ్మ అనేవాళ్లం. వాళ్ల మేడమీద గదిలో, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనుప మిషనొకటి ఉండేది. చూడడానికి కుర్చీలాగే ఉంటుంది. అందులో కూర్చుని, మోకాళ్లకు అటూ ఇటూ ఉన్న మెత్తలను కాళ్లతో దగ్గరికి నొక్కితే వెనక ఇనుప పలకలు లేస్తాయి, వదిలితే ధడేలున పడతాయి. ఎన్ని పలకలు లేవాలో అన్నిటి కింద ఒక చీల దూర్చాలి. "టీచర్‌జీ, నువ్వు కూర్చోండి. తొడ సన్నం అవుతాడు" అంది సేటమ్మ. ఆ వాక్యం దిద్దాల్సిన నేను, కుచ్చిళ్లు దోపుకుని కూర్చున్నాను. మొదట రెండు పలకలు చాలని ఆమె చెప్తూనే ఉంది. చదువుకున్నదాన్ని, రెండు పలకలేమిటని చీలను బాగా కిందికి దించి, బస్సు వేళ దాకా నొక్కాను.

మర్నాడు మంచం దిగబోతే కాళ్లు నావి కావు. గోడ పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసుకుంటూ వంటింటి దాకా పోయి, పీట మీద కూర్చోబోతూ "అమ్మా" అన్నాను. గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్న మా అత్త ఇదంతా చూసింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది. (వీధిలో ఎవరైనా చనిపోతే తప్ప ఆగని మగ్గం అది.)

"ఎన్నాళ్ల నుంచే అమ్మీ?"

మిషను సంగతి బయటపడిందనుకుని తల వంచుకున్నాను. "నిన్నటి నుంచే అత్తా."

"సెప్పేకి సిగ్గేంటికే!" అంటూ ఆమె నా తల నిమిరింది. పెళ్లయిన మూడేళ్లలో అదే మొదటిసారి. మిషను గురించి ఇంత ముచ్చట పడుతుందేమిటా అనుకుంటూ బస్సెక్కాను.

సాయంత్రం వీధి మొదట్లోనే ఒకావిడ బొప్పాయి ముట్టొద్దని చెప్పింది. ఇంకొకావిడ బస్సు కుదుపులు మంచివి కావంది. అప్పుడు అర్థమైంది నాకు. గడపలో మా ఆయన నిలబడి ఉన్నాడు. "అందరికీ తెలిసినాక నాకా?" అన్నాడు, చిన్నబోయి. జరిగింది చెప్పాను. అరుగు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. లోపలికి తొంగి చూసి ఆ నవ్వు ఆపేశాడు. "అమ్మకు నువ్వే సెప్పు" అన్నాడు.

లోపల మా అత్త పాత మెత్తటి చీరొకటి చించి, పొత్తిగుడ్డలు మడత పెడుతోంది. నేను నిలబడే చెప్పాను, కూర్చునే వీల్లేక. ఆమె చేతులు ఆగలేదు. చివరి గుడ్డ కూడా మడిచి అన్నీ పెట్టెలో పెట్టింది.

"ఉండనీలే, యాడికి పోతాయి" అంది. పెట్టె మూత వేసి, "ఇనుమును నొక్కితే తొడలు సన్నమైతాయా?" అంది.

"అయితాయంటారత్తా."

"నన్ను గూడా తీసకపో. సూస్తాను."

వీధిలో వాళ్లకు మాత్రం ఏమీ బయటపెట్టలేదు. "అదేం గాదంటమ్మా. బడిలో నిలబడి నిలబడి కాళ్లు పట్టుకున్యాయి" అని ఇంటింటికీ తనే చెప్పి వచ్చింది. నన్ను ఒక్క మాటనలేదు. అంటే బాగుండేది.

ఆదివారం ఆదోని పోయాం. మా అత్త ఆ మిషనులో మగ్గంలో కూర్చున్నంత ధీమాగా కూర్చుంది. చాలు లెమ్మని నేనూ సేటమ్మా ఎంత చెప్పినా వినలేదు. "మగ్గం తొక్కి తొక్కి రాటుదేలిన కాళ్లే ఇవి" అంది. (మగ్గం కాళ్లను కిందికి తొక్కిస్తుందే గానీ దగ్గరికి నొక్కించదు. ఆ తేడా మర్నాటికి తెలిసింది.) పొద్దున మగ్గం గుంటలో దిగిన మనిషి పైకి రాలేకపోయింది. చేయి పట్టి లాగబోతే, నా నొప్పులింకా తగ్గక నేను వంగలేకపోయాను. ఎట్లాగో బయటపడి ఇద్దరం చెరో గోడ పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాం. సరిగ్గా అప్పుడే పక్కింటామె మజ్జిగకని వచ్చింది. నన్ను చూసింది, మా అత్తను చూసింది. చెంబు కింద పెట్టింది.

"ఏందక్కా... నీకు గూడానా?"

మా అత్త నవ్వింది. ఆమె అట్లా నవ్వగా ఎవరూ చూసి ఉండరు. నవ్వితే తొడలు లాగి, "అయ్యో, అమ్మా" అంటూ మళ్లీ నవ్వింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ ఏడాది ఆదోని స్టూడియోలో ఇద్దరం తీయించుకున్న ఫొటో మొన్న కంటబడింది. మా అత్త పక్కన, చీరే బరువనిపించేంత బక్కపిల్ల ఒకతి, ఊపిరి బిగబట్టి, ఇంకా సన్నగా కనబడాలని చూస్తోంది. ఆ పిల్లను పిలిచి, నీకేం తక్కువే అని చెప్పాలనిపించింది. చెప్పినా వినే రకం కాదు.