కట్టెచేపకు రేడియం

నా మీసం ఒక చేప వల్ల పోయింది. చేపను అనడం కూడా పాపమే, అసలు దోషిని నేనే. ఆ ఘోరం ఎట్లా జరిగిందో ఏమీ దాచకుండా చెప్తాను. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మా ఆవిడ మొదలుపెట్టి ముప్పై ఏండ్లు దాటింది, ఇంకా ఆపలేదు.

అప్పుడు నేను కాగజ్‌నగర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాను. నా ముఖంలో చెప్పుకోదగ్గది ఒక్క మీసమే. అది లేనప్పుడు ఏ దుకాణానికి పోయినా "మీ బాపును తోల్కరాపో" అనేవాళ్లు. అందుకే రెండేండ్లు ఆముదం పట్టించి పెంచాను. మాటకు ముందొకసారి, మాట తర్వాత ఇంకోసారి మెలేసేవాణ్ని.

ఆదివారం వస్తే గాలం పట్టుకుని వాగు ఒడ్డున కూర్చునేవాణ్ని. చిన్నాచితకా చేపలు పడేవి గాని, వాలుగ మాత్రం ఎన్నడూ పడలేదు. అది పెద్ద నోటి చేప, చీకటి పడితే గాని వేటకు బయల్దేరదు. మరి చీకట్లో నా ఎర దానికెట్లా కనబడాలి? కట్టెతో చేపను చెక్కి, గడియారం ముళ్లకు పూసే రేడియం రంగు పూస్తే! ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు అన్నం కూడా సయించలేదు, అంత గర్వం.

అక్కను చూడ్డానికి సుల్తానాబాద్ నుంచి వచ్చిన మా బామ్మర్ది మల్లేశం ఇది విని పొట్ట పట్టుకున్నాడు.

"బావా, చాపలేమన్న టైము సూసుకుంటయా?"

"నవ్వకురా. రేడియం పూసినదానికి వాలుగ ఉరికొస్తది, సూడు."

"రాకపోతే?"

"రాకపోతే మీసం తీసేస్త!" అన్నాను, మెలేస్తూ.

వంటింట్లోంచి మా ఆవిడ సరోజ, "గా మాట గట్టిగ పట్టుకోరా మల్లేశం, ఇడువకు!" అని అరిచింది. ఆ మీసం గుచ్చుకుంటుందని ఆమెకు మొదట్నుంచీ పడదు.

గడియారాలు బాగుచేసే ఖాదర్ భాయ్ చిన్న సీసాలో ఇంత రంగు పోసిచ్చి, జాగ్రత్తలు చెప్పాడు.

"కింద తెల్ల ఆయిల్ పెయింటు వెయ్యాలె. అది ఎండినంక బ్రష్‌తోని ఇది పుయ్యాలె. జరసేపు వెలుతురు పట్టిస్తేనే చీకట్ల మెరుస్తది. అంటుకుంటే మాత్రం పోదు, మళ్ల నన్ను అనొద్దు."

ఆయిల్ పెయింటు కోసం బజారంతా ఎవరు తిరుగుతారు? గోడలకు వేయగా మిగిలిన సున్నం ఇంట్లోనే ఉంది, అదే కొట్టాను. బ్రష్ ఎందుకు, దేవుడిచ్చిన వేలుండగా? ఒక పూత పూయడం, వెనక్కి జరిగి చూసుకోవడం, శభాష్ అనుకుని మీసం మెలేయడం. మళ్లీ ఒక పూత, మళ్లీ శభాష్.

"మీసానికి ఏందో అంటింది సూడు," అంది సరోజ.

"గంజి అయ్యుంటది," అన్నాను.

పొద్దుగూకాక మల్లేశంతో వాగు ఒడ్డుకు చేరాను. కట్టెచేపను ముక్కు కింద పెట్టుకుని, టార్చిలైటు వేసి, అయిదు నిమిషాలు వెలుతురు పట్టించాను. లైటు ఆర్పితే కట్టెచేప పచ్చగా మెరిసింది. మల్లేశం "ఓర్నాయనో!" అన్నాడు. అతను చూస్తున్నది చేపను కాదని నాకేం తెలుసు?

"బావా, నీ..."

"సప్పుడు చెయ్యకు, చాప బెదురుతది."

"అది గాదు బావా, నీ మూతికి..."

"ఓడిపోతవని పరేషాన్ అయితున్నవ్. మూస్కొని కూసో."

పాపం, మూసుకున్నాడు. తువ్వాల నోట్లో కుక్కుకుని మరీ మూసుకున్నాడు.

గాలం వేశాను. నీళ్లలో పడగానే సున్నం కరిగింది, పైనున్న రేడియం పెచ్చులుగా ఊడి ఎటో కొట్టుకుపోయింది. గాలానికి మిగిలింది వట్టి కట్టె. అది నాకు తెలియదు. ఒడ్డు మీద మాత్రం కాగజ్‌నగర్‌లో ఉన్న దోమలన్నీ నా మూతి దగ్గరే సభ పెట్టాయి. వాటిని తోలుకుంటూ, నా ఎర ఏదీ అని మోకాళ్ల మీద కూర్చుని నీళ్లమీదికి వంగాను. అదిగో, నీళ్లలో వంకరగా, పచ్చగా మెరుస్తోంది!

"మల్లేశం, అగో! ఎట్ల మెరుస్తుందో సూడు!"

ఇంకాస్త వంగాను. అదీ దగ్గరికొచ్చింది. ఇంకాస్త వంగాను. ఫట్! బారెడు వాలుగ నోరు తెరుచుకుని నీళ్లలోంచి లేచి, నా మూతి మీద ఒక్కటి కొట్టి పోయింది. నేను తలకిందులుగా వాగులో పడ్డాను.

మల్లేశం కాలు పట్టి బయటికి గుంజాడు. నవ్వుతో అతనికి ఊపిరాడటం లేదు.

"అది గాలం కోసం రాలే బావా, నీ మీసం కోసమొచ్చింది! అప్పటిసంది మెరుస్తుంది. మనిషి లేడు, మొఖం లేదు, ఒడ్డు మీద వట్టి మీసం కూసున్నది!"

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా?"

ఒళ్లంతా తడిసి ముద్దయినా, పందెం మాత్రం మరిచిపోలేదు. "రేడియం పూసినదానికి వాలుగ ఉరికొస్తదన్న. వచ్చిందా, రాలేదా?"

మల్లేశం తల గోక్కున్నాడు. న్యాయమున్న మనిషి. "వచ్చింది. గెలిచినవ్ బావా. మీసం నీదే."

గెలిచిన మీసంతో దర్జాగా ఇంటికొచ్చాను. సబ్బు పెట్టాను, కొబ్బరినూనె పెట్టాను, దీపంలో పోసే గాసునూనె పెట్టి మూతి కాల్చుకున్నాను. రంగు కదలలేదు. లైటు తీసి పడుకుంటే సరోజ, "అటు తిరిగి పండు, కండ్లల్ల వెలుగు కొడుతుంది," అంది. రేపు ఆఫీసుకు ఏ మొహంతో పోవాలా అని నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, నలుగురూ చూడకుండా పొద్దుగూకాక రాజన్న సెలూన్‌కు పోయి బల్బు కింద కూర్చున్నాను. పందెంలో గెలుచుకున్న మీసాన్ని నా నోటితో నేనే తీసేయమన్నాను. సరిగ్గా సగం తీశాడో లేదో, కరెంటు పోయింది. ఈ సగంతో ఇంటికెట్లా పోయేది? కంగారుగా లేవబోతే రాజన్న భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఫికర్ చెయ్యకన్నా, కూసో. నీ మీసం వెలుతుర్లనే నీ మీసం తీస్త."

ఆ చీకట్లో, కత్తి మూతి మీద ఉండగా, సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో రేడియం ముట్టను, సున్నం మీద రంగు పూయను, పందెమంటూ కాయాల్సి వస్తే మల్లేశం మీసం మీదే కాస్తాను.