రెండు ఈలలు పడేదాకా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, ఆటకి స్థలం వెతికి చూడు అనడం పెద్దవాళ్ళు మరిచిపోయారు. మన కండక్టరు గారికి ఆ సంగతి రిటైరయ్యాక తెలిసింది. ఇల్లు ఎలాగో కట్టాడు, కూతురి పెళ్ళి ఎప్పుడో చేశాడు. ఈ మూడోది మాత్రం ఆయన్ని చెప్పులరిగేలా తిప్పింది.

ఆట కూతురిది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పిల్ల, ఆదివారం వస్తే మొగుణ్ణి వెంటేసుకుని బొమ్మ తుపాకితో పరుగులు తీసేది. ఎయిర్‌సాఫ్ట్ అంటారు. రెండు జట్లు, ఒక జెండా, తుపాకుల్లో బఠాణీ గింజంత ప్లాస్టిక్ గోళీలు. గోళీ తగిలితే రంగు అంటదు, మచ్చ కనపడదు. తగిలినవాళ్ళే చెయ్యెత్తి ఒప్పుకుని బయటికి నడవాలి. ఆ మాట విని కండక్టరు పగలబడి నవ్వాడు. టికెట్టు అడగ్గానే కిటికీలోంచి మబ్బులు చూసేవాళ్ళతో జన్మంతా వేగిన మనిషి మరి.

"ఎవరూ చూడకపోయినా ఒప్పుకుంటారా? ఏ లోకంలో ఉన్నావే తల్లీ!"

తీరా వెళ్ళి చూస్తే నిజంగానే ఒప్పుకుంటున్నారు. అందరూ కాదు, ఎక్కువమంది. ఆ మిగిలినవాళ్ళ కోసమే తను పుట్టానని ఆయనకి గట్టిగా అనిపించింది.

అంతలో వాళ్ళు ఆడుకునే పాత గోదాము చేజారింది. ఇద్దరు ప్రబుద్ధులు తుపాకులు భుజాన వేసుకుని టీ తాగడానికి వీధిలోకి వెళ్ళారు. వీధి వీధంతా తలుపులు బిగించుకుంది. గోదాము యజమాని మర్నాడే తాళం మార్చేశాడు. కూతురు మొహం వేలాడేసుకుని పుట్టింటికి వచ్చింది.

"మావాళ్ళు చెడ్డవాళ్ళు కాదు నాన్నా. చెప్పేవాళ్ళు లేరంతే."

కండక్టరు అటక మీది పెట్టె దింపి ఈల బయటికి తీశాడు. భార్య వంటింట్లోంచే అంది: "ఇంట్లో మీరు ఈలేస్తే పిల్లి కూడా తోక కదపదు. మీ మాట ఆ కుర్రకారు వింటారా?"

వింటారో లేదో ఆయనకీ తెలియదు. కానీ స్థలం లేకపోయినా మర్యాద నేర్పొచ్చు కదా అని, పాడుబడ్డ బస్సు షెడ్డు ముందు అందరినీ ఉత్తచేతులతో నిలబెట్టాడు. తుపాకి గేటు లోపలే సంచిలోంచి రావాలి. కళ్ళకి పెట్టుకున్న అద్దాలు ఆట మధ్యలో తీయకూడదు. ఈ రెండోది కూతురి పట్టు, ఎందుకంటే పాడైన కళ్ళని ఆ పిల్ల రోజూ చూస్తుంది. ఇక మూడోది ఆయన సొంతం. ఒక ఈల పడితే ఆగాలి, రెండు ఈలలు పడితే కదలాలి.

"ఎందుకు ఆగాలి అంకుల్?" అన్నాడు లావుపాటి కుర్రాడొకడు. అందరూ వాణ్ణి బూరె అంటారు.

"డ్రైవరెప్పుడైనా అడిగాడా? వెనకాల ఎవరి కాలు మెట్టు మీదుందో నాకే తెలుసు. ఆగమంటే ఆగడమే."

పరిగెత్తించాడు, ఈల వేశాడు. మొదట్లో ఒకరి మీద ఒకరు పడ్డారు. అల్లుడుగారైతే బొక్కబోర్లా పడ్డాడు. దారినపోయేవాళ్ళు నవ్విపోయారు. ఆయన వదల్లేదు, వాళ్ళూ మానలేదు.

స్థలం మాత్రం దొరకనంటే దొరకనంది. ఒక ఖాళీ జాగా చూస్తే చుట్టూ ఇళ్ళు. రాళ్ళ క్వారీ చూస్తే నడుమ లోతు నీళ్ళు. చివరికి ఊరి బయట మూతపడ్డ ఇటుక బట్టీ కనపడింది. విరిగిన గోడలు, మట్టి గుట్టలు, మధ్యలో పొగగొట్టం. చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. బట్టీ గలావిడ ఒక పెద్దమ్మ. ఇటుకలు పోయాక అక్కడే మేకలు పెంచుకుంటోంది.

"తుపాకులా! మతి గానీ పోయిందా నాయనా?"

"బొమ్మవి పెద్దమ్మా."

"కిందటేడు ఆటలనే వచ్చారు. సీసాలు పగలగొట్టి పోయారు. నా మేక కాలు తెగి కుంటిదైంది." కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఒక్కసారి ఆడండి. చూస్తా. నచ్చకపోయిందో, మళ్ళీ ఈ గేటు ముందు కనపడకు."

ఇది పోతే మరో చోటు లేదు. ఆదివారాలు పోతాయి, జట్లు చెదిరిపోతాయి, కూతురి మొహం మళ్ళీ వేలాడుతుంది. వచ్చే ఆదివారం తెల్లారకముందే కండక్టరు ఈల మెళ్ళో వేసుకుని బట్టీకి చేరాడు.

పెద్దమ్మని బట్టీ పక్కనున్న రేకుల షెడ్డులో, గోళీలు ఆపే వల వెనకాల కూర్చోబెట్టి, కుంటి మేకని ఆవిడ పక్కనే కట్టేశారు. కూతురు ఆవిడకి కూడా అద్దాలు తొడిగింది. ఆట మొదలైంది. తగిలినవాళ్ళు చెయ్యెత్తి పక్కదారిన వచ్చేస్తున్నారు. చివరికి కూతురు మట్టిగుట్ట వెనక నుంచి లేచి, పొగగొట్టం దగ్గర పాతిన జెండా వైపు దూసుకెళ్ళింది. అవతలి జట్టులో ఉన్న అల్లుడు గోడ ఎక్కుతూ తుపాకి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే కుంటి మేక వాళ్ళిద్దరి మధ్యకి నడిచొచ్చింది.

ఒక ఈల.

బట్టీ మొత్తం బిగుసుకుపోయింది. తుపాకులన్నీ నేల చూశాయి. అల్లుడు ఒక కాలు గోడకి అటు, ఒక కాలు ఇటు. కూతురి చెయ్యి జెండాకి జానెడు దూరంలో ఆగింది. మేక తాపీగా వచ్చి ఆ జెండా అంచు నమలడం మొదలుపెట్టింది. పిల్ల కళ్ళప్పగించి చూసిందే గానీ వేలు కదపలేదు.

పెద్దమ్మ చేతిలో తాడుతో, పెళ్ళి నడక నడుస్తూ వచ్చింది. ఒక్కొక్కరి ముందూ ఆగింది. బూరె మొహం మీది చెమట అద్దాల్లోకి కారుతోంది.

"కళ్ళు మండట్లేదురా?"

"మండుతున్నాయి పెద్దమ్మా."

"తుడుచుకో మరి."

"రెండు ఈలలు పడలేదు."

పెద్దమ్మ జెండా దగ్గరికి నడిచింది. మేక మెడకి తాడు కట్టి, దాన్ని నడిపించుకుంటూ కండక్టరు దగ్గరికి వచ్చింది.

"తాడు ఊడింది అనుకున్నావా? నేనే విప్పా."

ఆవిడ మేకని వల వెనక్కి చేర్చి, బట్టీ అదిరేలా అరిచింది: "రైట్ రైట్! ఇంక కానివ్వండి!"

ఒక్కరూ కదల్లేదు. అల్లుడు గోడ మీదే ఉన్నాడు. బూరె కళ్ళు మండుతూనే ఉన్నాయి. అందరూ కండక్టరు వైపే చూస్తున్నారు.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా బట్టీలో నా మాటే చెల్లదన్నమాట!" అని విరగబడి నవ్వింది. "అయితే ఆదివారాలు నీవే, తీసుకో. ఆ జెండా దగ్గరి పిల్ల ఎవరు?"

"మా అమ్మాయి," అన్నాడు కండక్టరు. కళ్ళు తుడుచుకుని, ఈల నోట పెట్టుకుని, గుండెలనిండా గాలి పీల్చి రెండుసార్లు ఊదాడు.