నలభై రెండో ఫ్రేమ్

చివరిసారి మీరు ఒకరి పని కింద ‘సూపర్’ అని రాసినప్పుడు, అందులో మీ కంటికి కనిపించిన తప్పును ఎక్కడ దాచారు?

ఈ ప్రశ్నను ముందు నాకు నేనే వేసుకున్నాను. కంప్యూటర్ మీద యానిమేషన్ చేసేవాళ్లం కొందరం ఆదివారాల్లో గుడివాడలో, ఒక మొబైల్ షాపు పైగదిలో కలుసుకుంటాం. కొందరికి అది ఉద్యోగం, కొందరికి సరదా. నేను బందరు నుంచి వెళ్తాను; ఒక స్టూడియోకు ఇంటి నుంచే పనిచేస్తాను. అవనిగడ్డ నుంచి ఒక అక్క పామర్రులో బస్సు మారి వస్తుంది. ఆమె ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. చుట్టరికం లేకపోయినా మా అందరికీ అక్కే. ఒకరి షాటును ఒకరం ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూసి, లోపాలు చెప్పుకుంటాం. మిగతా రోజుల్లో ఆ పని వాట్సాప్ గ్రూపులో సాగుతుంది.

కాలేజీ డిబేట్ నాకొక అలవాటు నేర్పింది: అవతలివాళ్ల వాదనలో బీటను వెతకడం, దొరికాక వదలకపోవడం. ఒక ఆదివారం, సరదాకి నేర్చుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగి బంతి గెంతే షాటు చేసుకొచ్చాడు. ఆ బంతి కదలికలో బరువే కనిపించడం లేదని అందరి ముందూ నిరూపించాను. ఆయన మళ్లీ రాలేదు. మాలో పెద్దవాడు, అందరం మావయ్య అని పిలిచే ఆయన, మెట్లు దిగుతూ అన్నాడు:

“నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా. కానీ ఆయనేమన్నా నీమీద గెలిచి కప్పు కొట్టడానికొచ్చాడా?”

ఆ మాట గుచ్చుకుంది. ఇకపై మెత్తగా ఉండాలనుకున్నాను.

ఆ రోజుల్లోనే అక్క పనిచేసే బడిలో కంప్యూటర్ క్లాసులు తీసేస్తున్నారని తెలిసింది. ఆమె ఒక స్టూడియో ఉద్యోగానికి తన షాట్లన్నీ కలిపి వీడియో తయారు చేసుకుంటోంది. వాటిలో మకుటం లాంటిది వల విసిరే మనిషి షాటు. పులిగడ్డ దగ్గర వల వేసేవాళ్లను ఫోనులో వీడియో తీసుకొచ్చి, పదే పదే చూసి చేసింది. మనిషి నడుము తిప్పుతాడు, చెయ్యి సాగుతుంది, వల నీటి మీద గుండ్రంగా విచ్చుకుంటుంది. గ్రూపులో పెట్టగానే అందరూ మెచ్చుకున్నారు.

మేము సెకనును ఇరవై నాలుగు బొమ్మలుగా కోసి చూస్తాం. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్. నలభై రెండో ఫ్రేములో, వల చేతిని వదిలే చోట, బురదలో దిగబడి ఉండాల్సిన కుడిపాదం తడి గచ్చు మీద ఉన్నట్టు ముందుకు జారింది. మామూలు ప్రేక్షకులు పట్టించుకోకపోవచ్చు. స్టూడియోవాళ్లు మాత్రం ముందు చూసేది పాదాలనే.

“నలభై రెండో ఫ్రేములో కుడిపాదం చూడు” అని టైపు చేశాను. బ్యాంకు ఉద్యోగి ముఖం గుర్తొచ్చింది. చెరిపేసి “సూపర్ అక్కా” అని రాసి, పక్కన మెచ్చుకోలుగా రెండు మంట ఎమోజీలు పెట్టాను. అది ఆమె మీద దయా, లేక మంచిదాన్ననిపించుకోవాలన్న ఆశా? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

“అందరూ బావుందంటార్లే, అది మామూలే. నువ్వు కూడా అన్నావు చూడు, అప్పుడు నమ్మానే! సాయంత్రం ఆరింటికి లాస్టు. పంపేస్తున్నా.”



“అక్కా, ఆగు. నలభై రెండో ఫ్రేము పెట్టు. కుడికాలు చూడు.”

మౌస్ చప్పుడు వినిపించింది.

“అయ్యో, జారిపోతోందే! ఇప్పుడే చూశావా?”

“నిన్ననే చూశాను.”

“మరి ఆ మంటలెందుకు పెట్టావే?”

ఫోనులోనే ఇద్దరం సరిచేయబోయాం. పాదాన్ని నేలకు బిగిస్తే నడుము బిర్రబిగిసింది. నడుము వదులు చేస్తే చెయ్యి వల కంటే ముందే ఆగిపోయింది. చెయ్యి మారితే వల కదలికను కంప్యూటర్ మొదటి నుంచీ లెక్కగట్టాలి. ఆమె పాత మెషిన్‌కు అది రాత్రంతా పట్టే పని. ముందురోజు చెప్పి ఉంటే సరిపోయేది.

“తప్పు కాలుతో పంపేకన్నా, అసలు లేకుండా పంపడమే నయంలే,” అంది అక్క. తన పనంతటిలోకీ మంచి షాటును తీసేసి మిగతావి పంపింది. కోప్పడి ఉంటే నాకు వాదించడానికి ఏదో ఒకటి దొరికేది.

స్టూడియో నుంచి ఇంకా కబురు రాలేదు. మిగతావాళ్లూ చెప్పలేదుగా, తన షాటు తనే చూసుకోవాలిగా అని నా పక్షాన నేను ఎన్ని వాదనలు పేర్చినా, “నువ్వు కూడా” అన్న ఆ రెండు మాటల దగ్గర కూలిపోతున్నాయి. మావయ్య నన్ను మానుకోమన్నది నిజం చెప్పడం కాదు, మనిషిని ఓడించడం. నేను ఆ రెండింటినీ ఒకటే అనుకున్నాను. బ్యాంకు ఉద్యోగికి తప్పు చూపించి, దిద్దుకునే దారి చూపలేదు. అక్కకు తప్పే చూపలేదు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఎవరైనా తమ షాటును మీ ముందు పెడితే, ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూడండి. పాదం జారితే ఆ ఫ్రేమ్ నెంబరు రాయండి. ఎలా సరిచేయాలో తెలిస్తే అదీ రాయండి. వాళ్లు పంపేలోపే రాయండి.