పురిట్లోంచి ల్యాబుకు

నా మొదటి కొడుకు పంతొమ్మిది రోజులు బతికాడు. పుట్టినప్పుడు నిక్షేపంగా ఉన్నాడు. రెండో వారంలో పాలు కక్కడం మొదలుపెట్టాడు. మాది మేనరికం, మా అత్తమ్మ నాకు సొంత మేనత్త. "దిష్టి తాకింది బిడ్డా" అని ఆమె పొద్దునా సాయంత్రం గుప్పెడు ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. మేం జనగామ దవాఖానకు చేరేసరికే వాడి ఒళ్ళు చల్లబడిపోయింది.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు అక్కడి పిల్లల డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె అడిగిన మొదటి మాట, "మేనరికమా?" మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయట. కొందరికి పుట్టుకతోనే అవి సరిగా పనిచేయవట, ఒంట్లో ఉప్పు నిలవదట. మగపిల్లల్లో పైకి ఏమీ కనపడదట. "బాబుకు అదే అయి ఉండొచ్చు. ఈసారి మూడో రోజు దాటగానే మడమ నుంచి రక్తం తీయించు" అని చీటీ మీద ఒక హార్మోన్ పేరు రాసిచ్చింది. ఆ జబ్బుంటే అది నెత్తురులో పేరుకుపోతుందట. ఇంటికొచ్చే దారంతా నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి ఒంట్లోంచి ఉప్పు పోతుంటే మేం గుప్పెళ్ళతో పొయ్యిలో పోశాం! ఎవరి మీద అరవాలి?

రెండోవాడు పుట్టాడు. మూడో రోజు ఇంటికి పంపారు. నాలుగో రోజు పొద్దున్నే ఆటో పిలవమని నా భర్తతో అన్నాను. అత్తమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇరవయ్యొక్క దినాలు కాకముందే పురిటిమనిషి గడప దాటుతదా? పసిగుడ్డుకు సూది గుచ్చుతరా? నీకేమన్న దయ్యం పట్టిందా?"

"పట్టింది. జర పక్కకు జరుగు అత్తమ్మా."

ఆయన తల్లి ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. నా ముఖమే ఎక్కువ భయపెట్టినట్టుంది, చెప్పులు తొడుక్కున్నాడు. పాలకుర్తి నుంచి జనగామ దాకా ప్రతి గుంతకూ కుట్లు లాగాయి.

ల్యాబు టెక్నీషియన్ పిల్లవాణ్ణి చూసి నవ్వాడు. "మంచిగున్నడు గదక్కా, ఎందుకు పరేషాన్ అయితవ్? గీ టెస్టు ఈడ ఎవ్వరు చేయించరు. హైదరాబాద్ పంపాలె."

"పంపు తమ్ముడూ. మంచిగున్నప్పుడే చూడాలె. పోయినంక ఏం చూస్తవ్?"

అతను మళ్ళీ నవ్వలేదు. మడమ గుచ్చి, మందపాటి కాగితం మీది గుండ్రటి గళ్ళలో నెత్తురు చుక్కలు పట్టాడు. పిల్లవాడు కెవ్వుమన్నాడు. నేను ఏడవలేదు, అంత కోపంగా ఉన్నాను.

ఎనిమిదో రోజు డాక్టరమ్మే ఫోన్ చేసింది. ఆ హార్మోన్ ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు ఉందని, వెంటనే తీసుకురమ్మని. ఆ రోజే మళ్ళీ రక్తం తీసి చూసి, మందు మొదలుపెట్టారు. బతికినన్నాళ్ళూ వేసుకోవాలట. వేసుకుంటాడు, అయితే ఏం?

చుట్టాలు ఊరుకుంటారా! తొట్టెల్లో వేసిన రోజు ఒకామె, "గిట్ల మందులతోని ఎన్నేండ్లు సాకుతరే" అంది.

"నూరేండ్లు" అన్నాను. "నువ్వు చూసుకుంట కూసో."

అందరూ వెళ్ళాక అత్తమ్మ తొట్టెల పక్కన కూలబడింది. ఆ రోజుకు వీడు వాళ్ళన్న కన్నా రెండు రోజులు పెద్దవాడు.

"పెద్దోనికి గూడ గిట్లనే నెత్తురు తీపిస్తే, బతుకుతుండెనా?" అని అడిగింది.

ఓదార్పు మాట ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బతుకుతుండె" అన్నాను.

ఆమెను ఏడవనిచ్చాను. తర్వాత పిల్లవాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టి, మందు ఎంత కొలవాలో చూపించాను.